ఫోనులో దూరిన దొంగకు మాస్టర్ తాళం చిక్కితే?

జీతం పడిన మెసేజీ, ఇంటికి పంపే డబ్బు, పిల్లల ముఖం చూసే వీడియో కాల్... అన్నీ ఇప్పుడు మనకు ఫోనులోనే. అందులోకి దొంగ దూరే దారి ఒకటి ఈ వారం తెలుసుకుందాం.

క్యాంపులో మన తాళంచెవి మన గదినే తెరుస్తుంది. అన్ని గదుల తాళాలూ క్యాంప్ బాస్ దగ్గరుంటాయి. ఫోనులోనూ అంతే. ఆటల యాప్‌కు దాని గది దానిదే. బ్యాంకు యాప్ గదిలోకి తొంగి చూడలేదు. అన్ని గదుల మీదా పెత్తనం ఉన్న ఖాతాను 'రూట్' అంటారు. ఫోనును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో లొసుగు ఉంటే చిన్న యాప్ కూడా ఆ పెత్తనాన్ని కాజేయగలదు. దీనికి నిపుణులు పెట్టిన పేరు 'ప్రివిలేజ్ ఎస్కలేషన్'.

2016 అక్టోబరులో బయటపడిన 'డర్టీ కౌ' అలాంటి లొసుగే. ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్‌లో 2007 నుంచీ ఉంది. అంటే తొమ్మిదేళ్లు!

అది పనిచేసే తీరు ఇదీ. ఆఫీసు రిజిస్టరును ఎవరైనా చూడొచ్చు, అందులో రాయకూడదు. రాస్తానన్న వాడికి గుమస్తా జిరాక్సు తీసి ఇస్తాడు. ఒకడు 'రాయాలి' అని, ఇంకొకడు 'ఆ జిరాక్సు పారెయ్' అని వేలసార్లు ఊపిరి సలపనివ్వకపోతే, ఏదో ఒకసారి గుమస్తా తికమకపడి అసలు రిజిస్టరే చేతికిస్తాడు. ఇక వాడు తన పేరు పక్కన 'క్యాంప్ బాస్' అని రాసుకోవచ్చు.

ఈ లొసుగును వాడుకునే 'జెడ్‌నియు' అనే దొంగ ప్రోగ్రామును 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో సంస్థ బయటపెట్టింది. 40కి పైగా దేశాల్లో అది కనిపించింది. ఎక్కువగా చిక్కింది చైనా, భారత్ వాళ్లే. ఆటలు, అశ్లీల బొమ్మల యాప్‌ల వేషంలో అది వచ్చింది. అప్పటికే గూగుల్ 2016 డిసెంబరు అప్‌డేట్‌లో ఆ కన్నం పూడ్చేసింది. అప్‌డేట్ చేరని ఫోన్లకే కన్నం మిగిలింది.

గమనించారా? దొంగకు మొదట తలుపు తీసింది ఫోను యజమానే. అందుకే మనం చేయాల్సినవి:

- వాట్సాప్‌లో ఎవరో పంపిన యాప్ ఫైలును, స్నేహితుడు పంపినా సరే, ఎక్కించుకోవద్దు. ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలి.
- సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ చూడాలి. అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు. డేటా ఖర్చనుకుంటే వైఫై ఉన్నచోట చేసుకోవాలి.
- సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేటప్పుడు కెమెరా కంటే ముందు ఆ తేదీ చూడాలి. ఏళ్ల క్రితమే ఆగిపోయి ఉంటే అందులో బ్యాంకు యాప్ పెట్టుకోవద్దు.

ఎండలో కష్టపడి సంపాదించిన డబ్బు. అయిదు నిమిషాలు దాని కాపలాకు పెడదాం.