ప్రేగుల ఆపరేషను తరువాత అడ్డంకిని గుర్తించుట ఎట్లు?

ప్రేగులకు ఆపరేషను జరిగి ఇల్లు చేరిన రోగికి కొలది దినములలో కడుపు ఉబ్బును, వాంతులగును, విరేచనము కాదు. ఇంటిలోని పెద్దలు ఇది మలబద్ధమని తలచి ఆముదము పట్టింతురు. ఇట్లు జరుగుట కద్దు. కాని ఆ లక్షణములకు కారణము ప్రేగులోని అడ్డంకియైనచో, ప్రేమతో పట్టిన ఆముదమే ప్రాణమునకు ముప్పు తేవచ్చును. కావున మలబద్ధమునకును అడ్డంకికిని గల భేదమును ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను.

సహజ స్థితి

కడుపు ఆపరేషను తరువాత ప్రేగులు కొంతకాలము స్తంభించియుండుట సహజము. సాధారణముగా చిన్నప్రేగు సుమారు 24 గంటలలోను, జీర్ణాశయము 24 నుండి 48 గంటలలోను, పెద్దప్రేగు 48 నుండి 72 గంటలలోను మరల కదలనారంభించును. అపానవాయువు వెడలుట ఇందుకు శుభసూచన. ఆస్పత్రిలో డాక్టరు, నర్సు ప్రతిదినము “గాలి వెడలినదా?” అని అడుగుటకు కారణమిదియే. రోగి సిగ్గుపడక ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను.

అడ్డంకి ఏల కలుగును?

లోపలి గాయము మానునపుడు నారవంటి పొరలు ఏర్పడి, ప్రేగులను ఒకదానితో నొకటిగాని కడుపు గోడతోగాని అంటించును. పెక్కుమందికి వీనివలన బాధ యుండదు. కొందరిలో మాత్రము ప్రేగు ఆ పొరలలో చిక్కి మడతపడును. రబ్బరు గొట్టము మడతపడినపుడు నీరు ఆగునట్లే ఆహారము, జీర్ణరసములు, వాయువు ముందుకు సాగక నిలిచిపోవును. ఇది ఆపరేషనైన కొలది దినములకు రావచ్చును. అనేక సంవత్సరముల తరువాతను రావచ్చును.

నాలుగు ముఖ్య లక్షణములు

1. నొప్పి: కడుపులో మెలిపెట్టినట్లు అలలుగా వచ్చి, తగ్గి, మరల వచ్చును. కోత నొప్పి యట్టిది కాదు. అది కదలినపుడు, దగ్గినపుడు హెచ్చినను దినదినమునకు తగ్గుచుండును.

2. వాంతి: మొదట తిన్న ఆహారము, పిదప పసరు, ఆలస్యమైనచో మలపు వాసనగల ద్రవము వెడలును.

3. ఉబ్బరము: పొట్ట క్రమముగా పెరిగి బిగియును.

4. మలము, వాయువు రెండును ఆగిపోవుట: సామాన్య మలబద్ధములో వాయువైనను వెడలుచుండును. అయితే అడ్డంకికి దిగువనున్న మలము మొదట కొంత వెడలవచ్చును. అంతమాత్రమున అడ్డంకి లేదని నిశ్చయింపరాదు. పొట్టమీద ప్రేగును తెరచి సంచి అమర్చినవారిలో ఆ సంచిలోనికి ఏమియు రాకుండుట ఇట్టి లక్షణమే.

నాలుగును కలిసి కనబడువరకు వేచియుండరాదు. నొప్పి విరామములేక నిలిచినను, జ్వరము వచ్చినను, నాడి వడిగా కొట్టుకొనినను, పొట్ట తాకనీయకున్నను ప్రమాదము మిక్కిలి హెచ్చు. ప్రేగునకు రక్తప్రసారము ఆగియుండవచ్చును. అట్లయినచో కొన్ని గంటలలోనే ప్రేగు కుళ్లి చిల్లిపడవచ్చును.

చేయరానివి, చేయవలసినవి

ఆముదముగాని, విరేచనపు మందుగాని, ఎనిమాగాని ఇవ్వరాదు. దారి మూసియుండగా వెనుకనుండి త్రోసినచో ప్రేగు చిట్లును. పొట్ట పిసుకరాదు. నొప్పి మాత్రలతో కాలహరణము చేయరాదు. అన్నపానములు నిలిపి, వెంటనే శస్త్రవైద్యుడున్న ఆస్పత్రికి చేర్చవలెను. తెలుగు రాష్ట్రములలో 108కు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును. ఆపరేషను కాగితములను తప్పక వెంట తీసికొనిపోవలెను.

మరల కోయుదురను భయముతో కొందరు వెనుకాడుదురు. అతుకులవలన కలిగిన అడ్డంకులు పెక్కు కోత లేకయే విడిపోవును. ముక్కుద్వారా జీర్ణాశయములోనికి గొట్టము పంపి ద్రవమును, గాలిని తీసివేయుదురు. నరమునకు సెలైను ఎక్కింతురు. ఎక్స్‌రే, స్కానింగు తీసి కనిపెట్టియుందురు. 1930వ దశకములో అమెరికా శస్త్రవైద్యుడు ఓవెన్ వాంగెన్‌స్టీన్ ఈ గొట్టపు పద్ధతిని వ్యాప్తికి తెచ్చిన పిదప ఈ వ్యాధివలని మరణములు తగ్గినవి. దీనితో అడ్డంకి విడనపుడు, ప్రేగునకు రక్తము అందుటలేదను అనుమానము కలిగినపుడు ఆపరేషను చేయుదురు.

ఆస్పత్రికి వెళ్లిన పిదప అది వట్టి ఉబ్బరమేయని తేలినచో నష్టమేమియు లేదు. అడ్డంకియై యుండి ఇంట గడపిన రాత్రి మాత్రము తిరిగిరాదు.