డాక్టరు గారు బరువెంత అని ఎందుకడిగారంటే...

పోయిన సంక్రాంతికి కైకలూరు వెళ్లినప్పుడు నాన్న వీపు మీద కొవ్వు గడ్డ తీయిద్దామని ఆస్పత్రికి తీసుకెళ్లాను. చుట్టూ మత్తు ఇంజక్షన్ ఇచ్చి గంటలో పంపించేస్తారన్నారు. పక్కన కూర్చుని ఫోన్‌లో ఆఫీసు మెసేజ్‌లు చూసుకుంటున్నాను.

"బరువెంత బాబాయ్ గారూ?"

"అరవై ఉంటానేమోనండీ."

డాక్టరు గారు ఊరుకోలేదు. మిషనెక్కిస్తే యాభై! తర్వాత ఇంజక్షన్ ఇస్తూ చేపల రేట్లు, చెరువు లీజులు, ఒకటే మాటలు. 'ఈయనకి కబుర్లెక్కువ' అనుకున్నాను. కాసేపటికి నాన్న మాట ఆగింది.

"ఏమైంది?"

"ఏం లేదండీ... నాలిక కింద రూపాయి బిళ్ళ పెట్టుకున్నట్టుంది. చెవుల్లో గుయ్యిమంటోంది."

అంతే, సూది బయటికొచ్చేసింది. ఆక్సిజన్ పెట్టారు. నాన్నకి కాసేపటికి తగ్గింది గానీ, ఆ రోజు గడ్డ తీయలేదు. సాయంత్రం దాకా మానిటర్ చూస్తూ అక్కడే ఉంచారు.

అప్పుడర్థమైంది, ఆ కబుర్లు కూడా వైద్యమేనని.

లెక్క ఇదీ

లిగ్నోకెయిన్ లాంటి మందు నరంలో సోడియం దారులు మూసేస్తుంది, అందుకే నొప్పి తెలీదు. అదే మందు రక్తంలో ఎక్కువైతే మెదడు మీద, గుండె మీదా పనిచేస్తుంది. ముందు నోట్లో లోహం రుచి, పెదాల చుట్టూ చిమచిమ, చెవుల్లో హోరు, తల తిరగడం. ముదిరితే ఫిట్స్, గుండె ఆగిపోవడం. ఒక్కోసారి ముందు గుర్తులేవీ లేకుండానే ఫిట్స్ రావచ్చు.

అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కి సాధారణ హద్దు కిలోకి 4.5 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో ఒక మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములుంటాయి. అంటే యాభై కిలోల మనిషికి సుమారు 11 మిల్లీలీటర్లు. అరవై అనుకుంటే 13 దాటుతుంది. పైగా సూది రక్తనాళంలోకి దిగితే కొంచెం మందే చాలు. అందుకే ప్లంజర్ వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూస్తూ, కొద్దికొద్దిగా ఇస్తారు.

దీనికి విరుగుడేంటో తెలుసా? సోయా నూనెతో చేసిన పాలలాంటి ద్రవం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్. గుండె దాకా వెళ్లిన మందుని అక్కడి నుంచి లాగేస్తుంది. అమెరికాలో డాక్టర్ గయ్ వైన్‌బర్గ్ 1998లో ఎలుకల మీద దీని ప్రభావం చూపించారు. 2006లో న్యూయార్క్‌లో భుజం ఆపరేషన్ కోసం మత్తిచ్చాక గుండె ఆగిన రోగి దీనితోనే బతికాడని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు మొదటి డోసు కిలోకి 1.5 మిల్లీలీటర్లు.

మనం చేయాల్సింది

బరువు కరెక్టుగా చెప్పండి. గుండె, లివర్, కిడ్నీ జబ్బులుంటే దాచొద్దు. టాటూకో లేజర్‌కో ముందు మత్తు క్రీమ్ ఒళ్లంతా పూసి కవర్ చుట్టుకోవద్దు. అలా చేసి అమెరికాలో ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు.

ఇంటికొస్తూ బైక్ మీద నాన్నని అడిగాను, "ముందే ఎందుకు చెప్పలేదు?" అని.

"ఇంత చిన్నదానికి ఆయన్నేం ఇబ్బంది పెడతాంలే అనుకున్నానురా."

మీ ఇంట్లోనూ ఇలాంటి నాన్న ఉంటే, సూది పడేలోపే చెప్పండి: అక్కడ మొహమాటం పనికిరాదని.