తాబేలు రాయి ఎందుకు మింగుతుంది?

పెంపుడు తాబేలు కడుపులో గులకరాళ్లు ఎక్స్‌రేలో తెల్లగా కనబడగానే, ఇదేం తిండి అని విస్తుపోతారు పెంచేవాళ్లు. నిజానికి అది తన స్వభావం ప్రకారమే నడుచుకుంది. అమెరికాలోని మొహావీ ఎడారిలో నేల తాబేళ్లు కాల్షియం ఉన్న మట్టిపొరల్ని వెతికి, తవ్వి మరీ తింటాయని 1982లోనే పరిశోధకులు రాశారు. ఎముకకూ డిప్పకూ గుడ్డు పెంకుకూ కాల్షియం కావాలి. మేతలో అది చాలకపోతే నేలలో వెతుక్కోవడం సహజం. పెరటి అందానికి మనం పరిచిన తెల్ల కంకరలో ఆ వెతుకులాటకు దొరికేది రాయి ఒక్కటే. కాబట్టి రాళ్లు మింగడాన్ని దురలవాటు అని తీసిపారేయకుండా, మన పెంపకంలో ఏదో లోపించిందన్న సూచనగా చూడాలంటాను.

అడవి తాబేళ్లూ రాళ్లు తింటాయి కదా, వాటికి లేని ముప్పు వీటికెందుకు అని అడగవచ్చు. చిన్న రాళ్లు చాలాసార్లు వాటంతటవే బయటికి వచ్చేస్తాయన్నదీ నిజమే. అయితే అవి కదలాలంటే ఒంట్లో వేడి, నీరు, మేతలో పీచు, రోజంతా నడక ఉండాలి. తాబేలుకు సొంతంగా ఒంటి వేడి పుట్టదు, ఎండ నుంచే తెచ్చుకోవాలి. గడ్డీ ఆకులూ దాని పెద్దపేగులో సూక్ష్మజీవుల సాయంతో పులిసి అరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. చల్లని గదిలో, చాలీచాలని నీటితో, మెత్తని కూరగాయలు తిని ఒకేచోట పడి ఉండే జీవికి పేగులు ఇంకా మందగిస్తాయి. అప్పుడు ఇసుక పేరుకుంటుంది, రాయి అడ్డం పడుతుంది. చెట్టు బెరడు ముక్కలు, ప్లాస్టిక్ అయితే ఎక్స్‌రేలో కూడా సరిగా కనబడకపోవచ్చు. మేత మానేయడం, పెంట వేయకపోవడం, ముక్కడం, వెనక కాళ్లు ఈడ్చడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ముదిరితే చాలాసార్లు పొట్టకింది డిప్పను కోసి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఆ ఎముక అతుక్కోవడానికి చాలా నెలలు పడుతుంది.

రాళ్ల సంగతి అలా ఉంచితే, విషమేదో జంతువుకే తెలుస్తుందన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. గన్నేరు ఆకు గుండెను దెబ్బతీసే విషం. ఆ మొక్క ఎదగని చోట పుట్టిన జాతికి దాని సంగతి ఎలా తెలుస్తుంది? ఎరుపు, పసుపు రంగులు కనబడితే చాలా తాబేళ్లు ముందు కొరికి చూస్తాయి. నత్తల మందు గుళికలైతే మరీ ఘోరం. వాటిలో వాడే మెటాల్డిహైడ్‌ను, పక్షులకూ ఇతర జంతువులకూ ముప్పని, బ్రిటన్ 2022లో ఆరుబయట వాడకుండా నిషేధించింది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో చట్టబద్ధంగా తాబేలును పెంచుతున్న మనవాళ్లు కంకర తీసేసి మట్టీ గడ్డీ ఉంచండి. మేత పలకరాయి మీద పెట్టండి, కొరుక్కోవడానికి కటిల్‌ఫిష్ ఎముక ఇవ్వండి. కిటికీ అద్దం అవసరమైన అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి నేరుగా ఎండ తగలనివ్వండి. రాయి మింగిందని అనుమానం వస్తే ఆముదం లాంటివి పట్టించకుండా పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ ఇంట్లో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి.