హంతకుడెవరో చెప్పుకోండి చూద్దాం!

పోయిన వేసవి మాట. బయట ఎండ 45 డిగ్రీలు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో సాయంత్రం ఆరు దాటినా పిల్లల్ని ఆటలకి పంపలేని పరిస్థితి. విమానం టికెట్ల ధరలు చూసి ఊరి ప్రయాణం మానుకున్నాం. విజిట్ వీసా మీద కాకినాడ నుంచి వచ్చిన మా నాన్నగారు టీవీ ముందు, పిల్లలిద్దరూ ట్యాబ్ ముందు, నేను లాప్‌టాప్ ముందు. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి లోకం వారిది. అప్పుడే మా ఆవిడ మజ్యద్ మాల్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అదే క్లూడో!

ఈ ఆటని కనిపెట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆంథోనీ ప్రాట్ అనే సంగీతకారుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన ఆట ఆలోచిస్తే, ఆయన భార్య ఎల్వా బోర్డు గీసింది. 1944లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. 1949లో వాడింగ్టన్స్ సంస్థ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అమెరికాలో దీని పేరు ‘క్లూ’. క్లూకి లూడో కలిపితే క్లూడో. ఆ లూడో మన పచ్చీసు నుంచి పుట్టిందే కదా! కుర్రతనంలో డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని చదివిన మా నాన్నగారికి ఇది పరాయి ఆటగా అనిపించనే లేదు.

కథ చిన్నది. ఒక పెద్ద బంగళాలో డాక్టర్ బ్లాక్ హత్యకు గురయ్యాడు. చంపిందెవరు? దేనితో? ఏ గదిలో? అనుమానితులు ఆరుగురు, ఆయుధాలు ఆరు, గదులు తొమ్మిది. మొత్తం 21 కార్డులు. ఒక్కో రకం నుంచి ఒక్కో కార్డు ఎవరూ చూడకుండా తీసి కవర్లో పెట్టాలి. అదే జవాబు. మిగిలిన 18 కార్డులూ కలిపి అందరికీ పంచాలి. ముగ్గురు నుంచి ఆరుగురు వరకూ ఆడవచ్చు. 2016లో మిసెస్ వైట్ స్థానంలో డాక్టర్ ఆర్కిడ్ వచ్చినట్టు, ముద్రణని బట్టి పేర్లు మారవచ్చు. ఆట పద్ధతి మాత్రం ఇదే.

పాచికలు వేసి గదిలోకి వెళ్ళాలి. మూలల్లో ఉన్న గదుల మధ్య రహస్య మార్గాలూ ఉన్నాయి. గదిలోకి వెళ్ళాక ఒక అనుమానం చెప్పాలి. ఉదాహరణకి: “ప్రొఫెసర్ ప్లమ్, తాడుతో, లైబ్రరీలో.” మీ ఎడమ పక్కవారి దగ్గర ఆ మూడింటిలో ఏదైనా ఉంటే ఒకే ఒక్క కార్డు మీకు మాత్రమే చూపాలి. లేకపోతే ఆ పక్కవారు. చూసినదాన్ని చీటీలో కొట్టేసుకుంటూ పోవాలి.

మొదట ఉండే అవకాశాలు 6×6×9, అంటే 324. నా ఉద్యోగమే డేటాబేస్‌లలో తప్పులు వెతకడం కనుక ఒక చిట్కా చెబుతాను. మీ వంతు కానప్పుడు కూడా చీటీ రాయండి. ఒకసారి మా అమ్మాయి పైన చెప్పిన అనుమానమే అడిగింది. తాతగారు ఒక కార్డు తనకి చూపించారు. అది నాకు కనబడలేదు. కానీ ప్లమ్ నా చేతిలోనే ఉన్నాడు. తాడు మా ఆవిడ దగ్గర ఉందని అంతకు ముందే చూశాను. అంటే తాతగారు చూపించింది లైబ్రరీ! ఇంకో చిట్కా: అడిగేటప్పుడు మీ చేతిలో ఉన్న కార్డు ఒకటి కలిపి అడగండి. ఎదుటివాళ్ళు తికమక పడతారు.

తాతగారికి ఇంగ్లీషు అంతగా రాదు. అందుకని పిల్లలు బాకు, కొవ్వొత్తి స్తంభం, సీసపు గొట్టం అని తెలుగులోనే అడగాలని నియమం పెట్టాం. వారం తిరగకుండా ‘అనుమానం’, ‘సాక్ష్యం’ వాళ్ళ నోట్లో నానాయి.

ఇక అసలు నియమం. జవాబు తెలిసిందనుకుంటే, మీ వంతులో నేరారోపణ చేసి కవరు తెరిచి చూసుకోవచ్చు. తప్పయితే మీ ఆట ముగిసినట్టే. అయినా లేచి వెళ్ళకూడదు, ఇతరులు అడిగితే కార్డులు చూపిస్తూ కూర్చోవాలి. అనుమానం ఎన్నిసార్లయినా పడవచ్చు, ఆరోపణ మాత్రం ఒక్కసారే.

ఈ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ రోజుల్లోనే షూ ర్యాక్ మీద పెట్టాననుకున్న 200 దిర్హాముల నోటు కనబడలేదు. ముందు రోజే మా అబ్బాయి ఏదో వీడియో గేమ్ కొనమన్నాడు, నేను కాదన్నాను. ఇంకేముంది, నాకు కేసు తేలిపోయింది! పక్కింటి పిల్లలు చూస్తుండగానే వాణ్ణి నిలదీశాను. “నేను తియ్యలేదు నాన్నా” అని ఒక్క మాట అని గదిలోకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు బల్ల దగ్గరికి రాలేదు. మూడో రోజు కారులో ఎండకి అడ్డంగా రేకు దించితే, ఆ నోటు నా ఒళ్ళో పడింది. పెట్రోలుకని పెట్టుకున్నది నేనే.

ఆ రాత్రి పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి, అందరి ముందూ వాడికి క్షమాపణ చెప్పాను. మా నాన్నగారు కళ్ళజోడు సర్దుకుంటూ, “చీటీ రాసుకోకుండానే కవరు తెరిచావురా” అన్నారు. మా అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కార్డులు పంచుతూ అన్నాడు: “నాన్నా, తప్పు ఆరోపణ చేస్తే అవుట్. ఈ రోజు నువ్వు ఆడకూడదు. కార్డులు మాత్రం చూపించాలి.”

ఆ ఆటంతా అడిగినవాళ్ళకి అడిగినట్టు కార్డులు చూపిస్తూ కూర్చున్నాను. గెలిచింది వాడే. మర్నాడు నాకూ కార్డులు పంచాడు.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఈ ఆట హాయిగా ఆడగలరు. ఈ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లు పక్కన పెట్టి, ఒక పెన్సిల్, ఒక చీటీ పట్టుకుని మీరూ కూర్చోండి. కవరు తెరిచే ముందు మాత్రం చీటీ ఇంకొక్కసారి చూసుకోండి!