‘బలగం’ వెనుక కంపెనీ!

హీరో ఎవరని అడుగుతాం గానీ, కంపెనీ పద్ధతేమిటని అడుగుతామా? 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’నే చూడండి. దర్శకుడు సిరిసిల్ల మనిషి వేణు యెల్దండి. అదివరకు కామెడీ వేషాలే తప్ప మెగాఫోన్ పట్టలేదు. కథేమో చావింటి కథ! అయినా దిల్ రాజు ప్రొడక్షన్స్ సరేనంది, నిర్మాణం హర్షిత్ రెడ్డి, హన్షిత చేపట్టారు.

జగిత్యాల, కోరుట్ల జనం ఇంట్లో మాట్లాడుకునే యాసే తెరమీద పలికింది. అన్నట్టు, పతాక సన్నివేశంలో మనల్ని ఏడిపించింది సినిమావాళ్లు కాదు, ఊరూరా కథలు చెప్పుకుని బతికిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఎవరి పని వాళ్లకు అప్పజెప్పడమంటే అదీ!

ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీ జబ్బుతో పోయాడు. సిరిసిల్ల మరమగ్గం కూలీకి మీటరు లెక్క, వేషగాడికి సినిమా లెక్క. మంచాన పడ్డ రోజుల లెక్క ఎవరు రాస్తారు చెప్పండి?