నాన్నగారి మడతచాకు

మా నాన్నగారు పోయాక నేనడిగి తెచ్చుకున్నది ఆయన మడతచాకు ఒక్కటే. జామకాయ కోసినా, చెరుకు చెక్కినా ఆయనకి అదే. అలాంటిదానితో నేను డబ్బా మూతలు లేపాను, మిక్సీ స్క్రూలు తిప్పాను. మొన విరిగింది. మా కర్లపాలేనికి సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి తుప్పుపట్టి తెరుచుకోవడమే మానేసింది. "పాత ఇనుపసామాన్ల వాడికి వేసెయ్" అన్నారు మావారు. నాకు మనసొప్పలేదు.

మీ ఇంట్లోనూ అలాంటిదుంటే ఇలా చేసి చూడండి.

కీలులో కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. కర్రపిడి అయితే నీళ్ళలో నానబెట్టకూడదు. తెల్లారి బలవంతంగా లాగకుండా కొంచెం కొంచెంగా ఆడించండి. గాడిలో మురికిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. అలుగు మీది తుప్పుని సన్నరకం ఉప్పుకాగితంతో పొడవునా ఒకే వైపుగా రుద్దండి. తుప్పు వదులుతుందని స్టౌ మంట మీద మాత్రం పెట్టొద్దు. ఉక్కు నీలంగా మారిందంటే ఇక పదును నిలవదు.

సానరాయి తడిపి, చాకు వీపుని రెండు రూపాయి బిళ్ళల ఎత్తు లేపి, రెండు పక్కలా సమానంగా నూరండి. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, పలచగా కొబ్బరినూనె రాయండి. పిల్లలకి అందకుండా దాచండి.

విరిగిన మొన తిరిగి రాదు. వీపు వైపు అరగదీసి కొత్త మొన తీశాను, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. చాకు కాస్త పొట్టిదైంది. అయినా మొన్న దానితో జామకాయ కోస్తే మావారే ముందు చెయ్యి చాపారు. డబ్బా మూతలకి ఇప్పుడు పాత చెంచా ఒకటి విడిగా పెట్టుకున్నాను.