పగలు దుద్దు, సాయంత్రం బుట్ట

ఈ సంచికకు ఎడిటర్ ఇచ్చిన అంశం సూటిగానే ఉంది. ఆఫీసుకు పెట్టుకెళ్లి, అట్నుంచి అటే రిసెప్షన్‌కు వెళ్లినా వెలితి అనిపించని చెవి నగ ఏది? పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు పేజీలు అచ్చుకు పోవాలి. ఫొటోల కోసం వెళ్లిన దుకాణాల్లో ‘ఆఫీస్ వేర్’, ‘పార్టీ వేర్’ అని ట్రేలు వేరుచేసి పెట్టారు. రెండు ట్రేలకూ మధ్యలో ఉండాల్సిన వస్తువు కోసం వెతుకుతుంటే, నాకు కావాల్సింది మా డెస్కులోనే, ఒక సహోద్యోగి పర్సులో దొరికింది. నగ కాదు, ఆ నగకు ఇచ్చిన బిల్లు.

ఆమె కొన్నది దుద్దులు, వాటి కింద తగిలించుకునే బుట్టలు. పగలు దుద్దులతో ఆఫీసుకు వస్తుంది. సాయంత్రం పేరంటమో పెళ్లో ఉంటే బాత్రూం అద్దం ముందు బుట్టలు తగిలించుకుని బయల్దేరుతుంది. బిల్లు మీద అచ్చులో ఉన్నది ఇది: ఒక జత, 22 క్యారెట్లు, గ్రాస్ వెయిట్ 15.620 గ్రాములు, స్టోన్ వెయిట్ 1.220, నెట్ వెయిట్ 14.400, వి.ఎ. 18 శాతం. దాని కింద బాల్ పెన్నుతో రాసిన మరో వరస ఉంది. దుద్దులు 5.900, బుట్టలు 9.720.

ఆ చేతిరాత వరస ఆమె అడిగి రాయించుకున్నది. ‘ఎందుకు రాయించావు?’ అంటే, ‘పొద్దున్నుంచీ మోసేది నా చెవే కదక్కా, ఎంత మోస్తుందో తెలియొద్దా’ అంది.

లెక్క వేసి చూడండి. దుద్దు మాత్రమే ఉంటే ఒక్కో చెవికి 2.950 గ్రాములు. బుట్ట కూడా తగిలిస్తే 7.810. అంటే సాయంత్రం మూడు గంటలు మోసే బరువులో సగం కూడా లేని బరువు పగలంతా. అచ్చు వేసిన బిల్లు మొత్తం బరువు ఒక్కటే చెప్పి ఊరుకుంది. దాన్ని చూస్తే ఈ జత ఆఫీసుకు ఎక్కువే అనిపిస్తుంది. విడి తూకం చూశాకే అది రెండు పూటలకూ సరిపోయే నగ అని తేలుతుంది. ఈ వరస అన్ని బిల్లుల్లోనూ ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. జత కొనే ప్రతి ఒక్కరూ అడగాల్సింది కూడా ఇదే.

మిగతా అంకెలు కూడా చదువుదాం. గ్రాస్ అంటే రాళ్లతో కలిపి తూకం, నెట్ అంటే రాళ్లు తీసేసిన బంగారం. రేటు కట్టేది నెట్ మీదే. వి.ఎ. అంటే మన పెద్దవాళ్లు తరుగు, మజూరీ అని విడివిడిగా చెప్పుకున్నవి ఇప్పుడు ఒకే శాతంగా మారిన రూపం. 14.400 మీద 18 శాతం అంటే 2.592 గ్రాములు. ఆమె చేతికొచ్చిన బంగారం పద్నాలుగున్నర గ్రాముల లోపే, డబ్బు కట్టింది దాదాపు 17 గ్రాములకు. దానిపైన రాళ్ల ఖరీదు, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. రేపు మార్చుకోబోతే ఆ రెండున్నర గ్రాములు తిరిగి రావు, రాళ్లకు వచ్చేది కూడా అంతంతమాత్రమే. కాబట్టి బీరువాలో దాచి ఏడాదికి రెండుసార్లు తీసే బుట్టల మీద ఈ ఖర్చు పెడితే దండగే. అందులో ఒక ముక్కయినా వారంలో ఐదు రోజులు చెవిన ఉంటే ఆ మజూరీ గిట్టుబాటు అయినట్టే.

ముద్రల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉండాలి. బీఐఎస్ త్రికోణం, స్వచ్ఛత అంకె (22 క్యారెట్లకైతే 22కె916), అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ఆ ఆరింటినీ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరం కనిపిస్తుంది. రెండు గ్రాముల లోపు వస్తువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చిన్న దుద్దులు చాలా వరకు ఈ మినహాయింపులోకే వస్తాయి. అందుకే విడదీసే జతల్లో ముద్ర ఏ ముక్క మీద ఉందో భూతద్దం పెట్టి చూపించమనండి.

బిల్లు పట్టుకుని సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దగ్గర పనిచేసే ఒక ఆచారిగారి దగ్గరికి వెళ్లాను. ‘బుట్ట చూసి కొంటారమ్మా, కొక్కెం తిరగేసి చూసేవాళ్లు తక్కువ’ అన్నారాయన. తన దగ్గర మరమ్మతుకు వచ్చిన జతలను తిరగేసి చూపించారు. బుట్టను దుద్దుకు తగిలించడానికి మూడు పద్ధతులు కనిపించాయి.

మొదటిది, దుద్దు అడుగు అంచుకు బయటికి కనిపించేలా అతికిన రింగు. చేయడం తేలిక. కానీ బుట్ట తీసేశాక ఆ రింగు ఖాళీగా వేలాడుతుంది. ఏదో ఊడిపోయిన నగ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. పగలు దుద్దు ఒక్కటే పెట్టుకోవాలనుకునే మనిషికి ఇది పనికిరాదు.

రెండోది, రింగును దుద్దు వెనక, అంచుకు కాస్త పైన దాచి అతకడం. ముందు నుంచి ఏమీ కనిపించదు, తీసినా తగిలించినా నగ నిండుగానే ఉంటుంది. పాత ఏడు రాళ్ల దుద్దుల్లో మంచి పనివాళ్లు చేసింది ఇదే. చిక్కల్లా ఒక్కటి. బరువు చెవికి ముందు వైపు వేలాడుతుంది కాబట్టి దుద్దు పైభాగం ముందుకు వాలుతుంది. ఎదుటివాళ్లకు రాళ్లు కనిపించకుండా నేల చూస్తుంటాయి.

మూడోది నాకు బాగా నచ్చింది. బుట్ట పైన చిన్న రేకు, రేకులో రంధ్రం. దుద్దు కాడను ముందు ఆ రంధ్రంలోంచి, తర్వాత చెవిలోంచి దూర్చి వెనక శీల బిగిస్తారు. రేకు దుద్దుకూ చెవికీ మధ్యన దాగిపోతుంది. బరువు చెవిని ఆనుకునే దిగుతుంది కాబట్టి దుద్దు అంతగా వాలదు. ఎలాంటి రింగూ లేని మామూలు దుద్దుకు కూడా ఈ బుట్ట నప్పుతుంది. ఇంట్లో ఉన్న అమ్మ దుద్దులకు కొత్తగా బుట్టలు చేయించుకోవాలంటే ఇదే దారి. దుద్దును కదిలించక్కర్లేదు, కొత్తగా అతుకు పెట్టక్కర్లేదు. ఇబ్బంది మార్చుకునేటప్పుడే. శీల పూర్తిగా విప్పాలి, అది చేతిలోంచి జారితే వాష్‌బేసిన్‌లోకే పోతుంది. కాబట్టి అద్దం ముందు నిలబడకుండా, ఒళ్లో చున్నీ పరచుకుని కూర్చుని మార్చుకోండి.

శీల గురించి ఇంకో మాట. మన దుద్దులకు వెనక మర ఉండటం ఒక వరం. నొక్కుడు బిళ్లలు ఊడినట్టు ఇది ఊడదు. అయితే 22 క్యారెట్ల బంగారం మెత్తన. రోజూ తిప్పితే మర అరుగుతుంది. అరిగిన కాడకు దారం చుట్టి నెట్టుకొచ్చే ఇళ్లు చాలానే ఉన్నాయి. రోజూ వాడే జతకు అది చాలదు. ఆచారి దగ్గర కొత్త మర వేయించడం పెద్ద పనేం కాదు. వజ్రాల దుద్దులకు 18 క్యారెట్లు ఎక్కువగా వాడటానికి కారణం కూడా గట్టిదనమే. రాయిని పట్టిన గోళ్లు అంత తేలిగ్గా వదులవ్వవు, మర కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. బరువైన బుట్ట ఉంటే వెనక బిళ్ల వెడల్పుగా చేయించుకోండి, వాలడం తగ్గుతుంది. సాయంత్రానికి మాటీలు కూడా జోడిస్తే మరీ మంచిది. వాటి కొస జడలోనో చెంపపిన్నుకో తగిలించడంతో బరువులో కొంత జుట్టు మీదికి పోతుంది. అందానికే అనుకుంటాం గానీ మాటీలు చేసే అసలు పని అది.

ఇక ఆఫీసు. దుకాణం అద్దంలో తెలియని సంగతులు ఇక్కడ బయటపడతాయి. హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా కాల్స్ మాట్లాడేవాళ్లకు వేలాడే ముత్యాల చప్పుడు మైకులో అవతలివాళ్లకు వినిపిస్తుంది. స్కూటీ మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ తీసేటప్పుడు చెవి రింగులు లోపలి మెత్తకు చిక్కుకుంటాయి. ఐడీ కార్డు తాడు, చున్నీ అంచు, చంకనెత్తుకున్న పిల్లల వేళ్లు, అన్నీ రింగులకే తగులుతాయి. పెద్ద రింగులు రెండు పూటలకూ పనికొస్తాయని దుకాణాల్లో నొక్కి చెప్పారు. నేను ఒప్పుకోను. పట్టుచీర పక్కన అవి తేలిపోతాయి, పగలు అడ్డం పడతాయి. దుద్దు వెనక శీల పొడవు కూడా చూసుకోవాలి. పొడవుగా ఉంటే హెల్మెట్ నొక్కినప్పుడు చెవి వెనక ఎముకకు గుచ్చుకుంటుంది.

‘ఆఫీస్ వేర్’ ట్రేల్లో ఉన్న చిన్న చిన్న 18 క్యారెట్ల లోలకులు పగటికి ముచ్చటగానే ఉంటాయి, కాదనను. కంచిపట్టు చీర, మెడలో హారం, తలలో పూలు చేరాక అవి ఉన్నాయా లేవా అన్నది కూడా తెలియదు. రెండు పూటలకూ సర్దుబాటుగా నడిమి సైజు ఒకటి కొనుక్కుంటే రెండు పూటలా అసంతృప్తే మిగులుతుంది. విడదీసే జతకే నా ఓటు.

రాళ్ల ఎంపికలో వెలుతురు చూడాలి. ఆఫీసు తెల్లని దీపాల కింద తెల్లరాళ్లు, వజ్రాలు బాగా మెరుస్తాయి, కెంపులు కాస్త నల్లగా కనిపిస్తాయి. ఫంక్షన్ హాలు పసుపు దీపాల కింద కెంపులు ఎర్రగా వెలుగుతాయి. అందుకని దుద్దు తెల్లరాళ్లతోనో ముత్యంతోనో, బుట్ట కెంపులతోనో ఉంటే రెండు చోట్లా పండుతుంది. ముత్యం మెత్తని వస్తువు. సెంటు, హెయిర్ స్ప్రే, చెమట దానికి పడవు. అన్నీ అయ్యాక చివర్లో పెట్టుకుని, ఇంటికి రాగానే ముందు తీసి మెత్తని గుడ్డతో తుడవాలి.

చరిత్రకు ఈ పేజీల్లో చోటు తక్కువ. ఒక్క జత గురించి మాత్రం చెప్పి తీరాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి బంగారు చెవి నగల జత ఉంది. బహుశా ఆంధ్ర ప్రాంతానిదని మ్యూజియం చెబుతుంది. వాటి మీద ఏనుగు, రెక్కల సింహం. బంగారు పూసలు, తీగ ముక్కలు, రేకులు కలిపి అతికిన పని. అచ్చం అలాంటివే జగ్గయ్యపేట స్తూపం నుంచి వచ్చిన చక్రవర్తి శిల్పం చెవులకు ఉన్నాయి. అమరావతి శిల్పాల్లో సాగిన చెవులు, పెద్ద పెద్ద నగలు ఆడా మగా ఇద్దరికీ కనిపిస్తాయి. కృష్ణా తీరంలో చెవి నగకు రెండు వేల ఏళ్ల పైబడిన వయసుంది.

చెవి తమ్మె మాట వినండి

చెవి పైభాగంలో మృదులాస్థి ఉంటుంది, తమ్మెలో ఉండదు. అక్కడ ఉన్నది చర్మం, కొవ్వు. అందుకే ఏళ్ల తరబడి బరువు మోస్తే కుట్టిన రంధ్రం కిందికి సాగి గీతలా మారుతుంది. కొందరికి పూర్తిగా తెగుతుంది. అక్కడికి మాత్రమే మత్తిచ్చి కుట్లు వేసి సరిచేస్తారు. మానాక, డాక్టరు సరే అన్నప్పుడే, మచ్చకు పక్కన మళ్లీ కుట్టించుకోవచ్చు. రంధ్రం సాగుతున్నట్టు కనిపిస్తే బుట్టలు మానేయండి, లేదా మాటీలు లేకుండా పెట్టుకోకండి. బరువైనవి పెట్టుకుని పడుకోవద్దు. చెవి దురద పెట్టి రసి కారితే చాలాసార్లు కారణం నికెల్. చవక లోహాల్లోనూ, కొన్ని రకాల వైట్ గోల్డ్‌లోనూ అది ఉంటుంది.

బంగారం కాకపోయినా

ఈ పద్ధతికి బంగారమే అక్కర్లేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి గిల్టు నగలకు పెట్టింది పేరు. లోపల రాగి లాంటి లోహం, పైన పలచని బంగారు పూత. బుట్టలు అందులో తీసుకుని, రోజంతా చెవిలో ఉండే దుద్దు మాత్రం బంగారంలో పెట్టుకుంటే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. గిల్టు దుద్దే కొంటే కాడ వెండిదేమో అడగండి. పూత ముందు అరిగేది చెవి లోపల తగిలే కాడ మీదే. భౌగోళిక గుర్తింపు ఉన్న కరీంనగర్ వెండి ఫిలిగ్రీ ఇంకో మంచి దారి. సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లే జాలీ పని కాబట్టి చూపుకు పెద్దగా, చెవికి తేలిగ్గా ఉంటుంది. చేనేత చీర మీదికి, కాటన్ కుర్తా మీదికి కూడా నప్పుతుంది.

దుకాణంలో

ముందు బుట్టలు పక్కన పెట్టించి దుద్దులు మాత్రమే చెవులకు పెట్టుకోండి. అవి విడిగా నచ్చకపోతే ఆ జత మీకు కాదు, బుట్ట ఎంత బాగున్నా సరే. నచ్చితే తిరగేసి కొక్కెం ఎక్కడ అతికారో చూడండి. తర్వాత బుట్టలు తగిలించుకుని తలను అటూ ఇటూ తిప్పండి, దుద్దు వాలుతుందేమో పక్కన ఉన్నవాళ్లను చూడమనండి. మీ చేత్తోనే ఒకసారి తీసి తగిలించండి. సేల్స్‌గర్ల్ సాయం లేకుండా రాకపోతే ఆఫీసులోనూ రాదు. చివరగా దుద్దులు ఎంత, బుట్టలు ఎంత అని విడివిడిగా కాటా వేయించి బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వడానికి ఒప్పుకోకపోతే ఆ జత అక్కడ కొనకండి.